ఓటుకి బరువెక్కువ... పలకరింపే తక్కువ!

మనుషులకన్నా పశువులే ఎక్కువున్న రాష్ట్రం వయోమింగ్. అమెరికాలోని 50 రాష్ట్రాల్లో జనాభా అన్నిటికన్నా తక్కువ ఇక్కడే. 2020 లెక్కల ప్రకారం 5.77 లక్షలు! విస్తీర్ణమేమో రెండున్నర లక్షల చదరపు కిలోమీటర్లు.

అమెరికాలో అధ్యక్షుడెవరో తేల్చేది ఎలక్టోరల్ ఓట్లు. ఎంత చిన్న రాష్ట్రానికైనా కనీసం మూడుంటాయి. వయోమింగ్‌కీ అంతే. అంటే దాదాపు 1.92 లక్షల మందికి ఒక ఎలక్టోరల్ ఓటు. అదే కాలిఫోర్నియాలో 7.3 లక్షల మందికి ఒకటి. ఆ లెక్కన వయోమింగ్ ఓటరు బరువు దాదాపు నాలుగు రెట్లు!

మరి అభ్యర్థులు ఎగబడి రావాలిగా? రారు. ఎందుకంటే ఇక్కడ ఫలితం ముందే తెలిసిపోతుంది. 1964లో లిండన్ జాన్సన్ తర్వాత ఏ డెమొక్రాట్‌నీ ఈ రాష్ట్రం గెలిపించలేదు. 2024లో డొనాల్డ్ ట్రంప్‌కి దాదాపు 72 శాతం ఓట్లు వేసింది. ఆ ఎన్నికల్లో మరే రాష్ట్రమూ ఆయనకి అంత శాతం ఇవ్వలేదు.

దీని వెనక బొగ్గు కథ కూడా ఉంది. అమెరికా తవ్వే బొగ్గులో దాదాపు 40 శాతం వయోమింగ్‌దే. బొగ్గు వాడకం తగ్గాలనే పార్టీ అంటే గనులున్న క్యాంప్‌బెల్ కౌంటీలో కూటికి ముప్పన్న భయం. పర్యటకుల మీద బతికే టీటన్ కౌంటీ మాత్రం 2024లోనూ డెమొక్రాట్ల వైపే నిలిచింది.

అయితేనేం, రాష్ట్రంలో ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లకే ఆ మూడూ దక్కుతాయి. టీటన్ ఓటు లెక్కలోకి రాదు. గెలిచే పార్టీకి అదనంగా పడే ఓటూ ఫలితాన్ని మార్చదు. 1869లోనే మహిళలకు ఓటుహక్కు ఇచ్చిన గడ్డ ఇది. కానీ ఆ ఓటు అడగడానికి గడప తొక్కేవాళ్లే అరుదు!