‘సూపర్’ అన్నవాళ్ళు డబ్బు వేస్తారా?

వారపత్రికలకు గళ్ళనుడికట్టు కూర్చుకునే నాకు కంప్యూటర్ ఆటలతో ఏం పని? డాలస్‌లో ఉంటున్న మా అక్క కొడుకు వల్ల వచ్చి పడింది. పగలు ఉద్యోగం, రాత్రిళ్ళు ఆట తయారీ. చీకటి మండపంలో ఒక పాప ఉంటుంది. వెలుగులో అడుగు పెట్టకూడదు, నీడల మీదే నడవాలి. దీపాన్ని జరిపితే స్తంభాల నీడలు జరుగుతాయి. వాటి మీదుగా తలుపు దాకా వెళ్ళాలి. అంతే ఆట. చెప్పుకోవడానికి ఇంతేగానీ, నాలుగో గదిలో నేను ఓ పూటంతా ఇరుక్కుపోయాను.

ఆట సగం పైగా అయింది. బొమ్మలకీ సంగీతానికీ డబ్బు కావాలి. కిక్‌స్టార్టర్‌లో అడుగుదామనుకున్నాడు. 2009లో న్యూయార్క్‌లో మొదలైన వేదిక అది. ఇంత కావాలి, ఫలానా తేదీలోగా కావాలి అని ప్రకటించాలి. గడువు 60 రోజులకు మించకూడదు. నచ్చినవాళ్ళు తలా కాస్తా వేస్తామని మాటిస్తారు. అడిగిన మొత్తం పూర్తయితేనే వాళ్ళ కార్డుల్లోంచి డబ్బు కదులుతుంది. ఒక్క డాలరు తగ్గినా ఎవరి డబ్బు వాళ్ళ దగ్గరే ఉంటుంది. ఇండియాలో ఉన్నవాళ్ళు నేరుగా అక్కడ ప్రాజెక్టు పెట్టే వీలు లేదు. మావాడు అమెరికాలో ఉన్నాడు కాబట్టి ఆ చిక్కు లేదు.

పేజీ ఒకసారి జనంలోకి వెళ్ళాక అడిగిన మొత్తాన్ని మార్చడానికి లేదు. వేసిన డబ్బుకి బదులుగా ఇస్తామన్న బహుమతుల్లో ఎవరైనా ఎంచుకున్నదాని ధరనూ మార్చలేం. అందుకే అందరికీ తెరవకముందే నలుగురికి చూపించి అభిప్రాయం అడగడానికి ఓ లింకు ఇస్తారు. మావాడు దాన్ని ముందుగా ఎక్కడ పెట్టాడంటారా? మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో.

సమాధానాలు మీరే ఊహించుకోవచ్చు. ‘సూపర్ రా’, ‘గాడ్ బ్లెస్’, చప్పట్ల బొమ్మలు, ఒక బాబాయి నుంచి ‘పెళ్ళెప్పుడు?’. లింకు నొక్కినవాళ్ళు ఎంతమందో నాకు అనుమానమే. తప్పు వాళ్ళది కాదు. ‘ఎలా ఉంది?’ అని మనవాళ్ళని అడిగితే వాళ్ళు మనకి జవాబు చెబుతారు, పేజీకి కాదు.

నేను మాత్రం లింకు నొక్కాను. పేజీలో మొదటి వాక్యం వెలుగుకీ వియోగానికీ మధ్య సాగే ప్రయాణం గురించి. వీడియోలో ముందు కొండలు, తర్వాత మంచు, ఆ తర్వాత వాడి కంపెనీ ముద్ర. పాప కనిపించేసరికి నేను కాఫీ కలుపుకోవడానికి లేచాను. ఫోన్ చేసి అడిగాను: “ఒరేయ్, ఇందులో నా వేళ్ళతో నేనేం చెయ్యాలి?”

“దీపం జరపాలి పిన్నీ, కింద రాశాను కదా.”

“కింద దాకా ఎవరు చదువుతార్రా!”

యుద్ధాల ఆటనైతే రెండు పేలుళ్ళు చూపించి అమ్మొచ్చు. పజిల్ ఆటకి ఆ వెసులుబాటు లేదు. దాని రుచంతా ‘ఓహో, అదా!’ అని తట్టే క్షణంలో ఉంటుంది. ఆ క్షణాన్ని వీడియోలో చూపించేస్తే, జవాబులు నింపేసిన గళ్ళనుడికట్టు అచ్చేసినట్టే. అసలు చూపించకపోతే అర్థమే కాదు. నాకు తోచిన దారి ఒకటే: మొదటి పది సెకన్లలో ఒక దీపం, ఒక నీడ, ఒక అడుగు చూపించి నియమం చెప్పెయ్యాలి. తర్వాత కష్టమైన గదిని చూపించి, విప్పకుండా వదిలెయ్యాలి. చూసేవాడి చెయ్యి దానంతటదే దీపం వైపు పోవాలి. ఇంకా మంచిది, ఆడి చూడటానికి రెండు గదులు ఉచితంగా పెట్టడం.

‘ఎలా ఉంది’ బదులు ఏమడగాలన్నది తర్వాత తేలింది. పేజీని కాసేపు చూపించి మూసేసి మూడు సంగతులు అడగమన్నాను: ఇదేమిటి, ఎంత అడుగుతున్నారు, నీకేం దక్కుతుంది? వాడి ఆఫీసులో తెలివైనవాళ్ళే మొదటి ప్రశ్నకి ‘యానిమేషన్ సినిమానా?’ అన్నారట. ఆఖరున, ఇప్పుడే 15 డాలర్లు వేస్తావా అని అడగాలి. అప్పటిదాకా పొగిడినవాళ్ళు కాస్త సర్దుకుని కూర్చుంటారు. ఆ తర్వాత వాళ్ళ నోట వచ్చేదే పనికొచ్చే మాట. “పూర్తిచేస్తావని నమ్మకమేంటి?” అన్నాడొకడు. పేజీలో మావాడు ఎవరో, ఇంతకుముందు ఏం చేశాడో ఒక్క ముక్క లేదు మరి.

పెద్దవాళ్ళ విజయాలు చూసి మోసపోకూడదు. 2012లో డబుల్ ఫైన్ అనే ఆటల సంస్థ 4 లక్షల డాలర్లు అడిగితే 33 లక్షలు దాటాయి. ‘మిస్ట్’ ఆట చేసిన సయాన్ సంస్థ 2013లో ‘ఆబ్డక్షన్’ అనే పజిల్ ఆటకి 11 లక్షలు అడిగి 13 లక్షలకు పైగా తెచ్చుకుంది. జనం అక్కడ ఏళ్ళ తరబడి ఎరిగిన పేర్లకు డబ్బిచ్చారు. పుణెలో నోడింగ్ హెడ్స్ వాళ్ళు, నేరుగా పెట్టే వీలు లేకపోయినా, ‘రాజీ’ ఆటకి 2017లో ఇదే దారి పట్టారు, లక్ష్యం చేరలేదు. అయినా ఆట ఆగలేదు, 2020లో విడుదలై మంచిపేరు తెచ్చుకుంది. అంటే జనం డబ్బు వెయ్యనంత మాత్రాన ఆట బాగాలేదని కాదు. ఈ సంగతి మావాడికి మళ్ళీమళ్ళీ చెప్పాల్సి వస్తోంది.

అభిప్రాయాలు కుప్పగా వచ్చాక వడపోత ఇంకో తలనొప్పి. టైమర్ పెట్టమని ఒకరు, ఇద్దరు కలిసి ఆడేలా చెయ్యమని ఒకరు, పాప బదులు పిల్లి ఉంటే బాగుంటుందని ఒకరు. నా ఆధారాల మీద వచ్చే ఉత్తరాలతో నాకు అలవాటైన పద్ధతే వాడికీ చెప్పాను. ఎక్కడ ఆగిపోయామో పాఠకులు చెబితే నమ్ము, ఎలా బాగుచెయ్యాలో చెబితే విని ఊరుకో. టైమర్ అడిగినవాడికి నిజంగా కావలసింది టైమర్ కాదు, మూడో గదిలో విసుగొచ్చింది. సరిచెయ్యాల్సింది ఆ గదిని.

డబ్బు దగ్గర మాత్రం నా బుర్ర పనిచెయ్యలేదు. అంతకుముందు ఓ పేకముక్కల ఆటకి ఇలాగే చందా పోగుచేసిన స్నేహితుడొకడు కూర్చోబెట్టి లెక్క వేయించాడు. కిక్‌స్టార్టర్ 5 శాతం తీసుకుంటుంది. కార్డు చెల్లింపులకి 3 శాతం, ఆపైన మనిషికి 20 సెంట్లు. 400 మంది కలిసి 10,000 డాలర్లు వేస్తే 880 అక్కడే పోతాయి, ఆ తర్వాత పన్ను. బహుమతుల్లో చొక్కాలూ కప్పులూ కొట్టేయించాడు. టెక్సస్ నుంచి తెనాలికి ఒక చొక్కా పంపే ఖర్చుకి ఇక్కడ ఇంకో చొక్కా వస్తుందట! ఇప్పుడు ఆట కాపీ, సంగీతం, బొమ్మల పుస్తకం, ఒక గదిని మనమే ఊహించి ఇచ్చే అవకాశం, ఇవే మిగిలాయి. లక్ష్యంలో ఐదో వంతు దాటిన ప్రాజెక్టుల్లో అత్యధికం గట్టెక్కుతాయని కిక్‌స్టార్టర్ లెక్కలే చెబుతాయి. కాబట్టి మొదటి రోజు వేసేవాళ్ళని ముందే మాట్లాడి పెట్టుకోమన్నాడు. ‘సూపర్ రా’ అన్నవాళ్ళ పని అప్పుడు మొదలవుతుంది, బాబాయితో సహా.

కొత్త పేజీ వచ్చింది. ఈసారి లింకుని చుట్టాలకి పంపలేదు. నా ఆధారాల్లో తప్పులు పట్టడమే వ్యసనంగా పెట్టుకున్న ముగ్గురు పాఠకులకి పంపాను. ఆట సంగతి, డబ్బు సంగతి ఎత్తకుండా అందులో ఒకాయన గంటలోపే జవాబు రాశారు: “అమ్మా, రెండో బొమ్మలో దీపం స్తంభానికి ఎడమ పక్కన ఉంది. నీడ కూడా ఎడమ పక్కనే పడింది. గమనించగలరు.”