విరిగి మరల కూడు పలకలు

కరాటే, తైక్వాండో విద్యల నభ్యసించు బాలబాలికలు ఒకనాటికి పలకను విరుచు పరీక్షకు వత్తురు. కరాటేలో దీనికి తమేషివారి యనియు, తైక్వాండోలో గ్యోక్‌పా యనియు పేరు. ఇది బలప్రదర్శనమని పలువురు తలంతురు. నిజమునకిది దెబ్బ సరిగా పడినదో లేదో తెలుపు పరీక్ష మాత్రమే. ఈ భేదము నెరుగక పలకను కొన్నయెడల కీడు కలుగును.

మే మెరిగిన యొక బాలునికి తండ్రి యుత్సాహముచే పెద్దలు వాడు పలకను తెచ్చి యిచ్చెను. బాలుడు మూడుమారులు గ్రుద్దెను. పలక విరుగలేదు, చేయి వాచెను. కొన్నిదినములు వాడు కలము పట్టజాలకపోయెను. వాపు తగ్గిన తరువాత తేలికపలక నిచ్చినను, అది తగులుటకు ముందే చేయి వెనుకకు తీయసాగెను. ఆ భయము పోవుటకు వాపుకంటె నెక్కువకాలము పట్టినది.

కొయ్యపలక తన నారల వెంబడి విరుగును. విరుగు గీత పొడవు సగమైనచో సగము బలము చాలును. మందము రెట్టింపైనచో నాలుగురెట్ల బలము కావలెను. కావుననే పిల్లలకు వెడల్పు తక్కువగల పలకల నిత్తురు. అయినను ఏ రెండు కొయ్యలును సమానముగా నుండవు. తడి, ముడి, నారల వంపు బలమును మార్చును. పైగా ఒక దెబ్బతో దాని పని తీరిపోవును.

ఇందులకై గట్టి ప్లాస్టిక్కుతో రెండు భాగముల పలకలు చేయబడుచున్నవి. ఒకదాని యంచునందలి గాడిలో రెండవదాని యంచు ఇముడును. తగిన దెబ్బ తగిలిన యీ కీలు విడిపోవును; మరల చేర్చిన పలక సిద్ధము. బలమునుబట్టి వీనికి రంగులు వేయుదురు. అయితే ఒక తయారీదారుని పసుపు వేరొకని పసుపుతో సమానము కాదు. కావున రంగును నమ్మి కొనక, గురువునొద్ద ప్రయత్నించి చూచి కొనుట మేలు.

మెత్తని దిండుపై దెబ్బను చక్కగా వేయగల బాలునికి మిక్కిలి తేలికైన పలకతో మొదలిడవలెను. పలుదినములు తడబాటులేక దానిని విరిచిన పిమ్మటనే తరువాతిది. ఎదుగు పిల్లల యెముకల కొనలయందు మృదులాస్థి భాగములుండును. ఎముక పొడవు పెరుగుట అచ్చటనే. అందుచే పిడికిలి కణుపులతో గాక, అరచేతి మొదటిభాగముతోగాని పాదముతోగాని ఆరంభించుట క్షేమము.

1979లో ‘సైంటిఫిక్ అమెరికన్’ పత్రికయందు ఫెల్డ్, మెక్‌నెయర్, విల్క్ అనువారు కరాటే దెబ్బను భౌతికశాస్త్రరీతిగా వివరించిరి. వీరిలో మెక్‌నెయర్ తరువాత వ్యోమగామియై 1986లో ఛాలెంజర్ ప్రమాదమున మరణించెను. చేయి పూర్తిగా చాచుటకు కొంచెము ముందే దాని వేగము అత్యధికముగా నుండును. కావున పలకను గాక, పలక కావలనున్న చోటును గురిగా నెంచవలెను. విరుగునన్న నమ్మకము లేని బాలుడు ఇట్లు చేయలేడు. తేలికపలక యిచ్చు మేలు ఆ నమ్మకమే.

పలకను పట్టువారు పెద్దలై యుండవలెను. వ్రేళ్లు అంచునకు వెలుపల నుంచి, మోచేతులు బిగించి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొనవలెను. కీలును పూర్తిగా నదిమి కూర్చవలెను. కూర్చునప్పుడు వ్రేళ్లు నలుగకుండ జాగ్రత్తపడవలెను. గాడిలో ధూళి చేరనీయరాదు. చిరకాల వాడుకచే కీలు సడలి పలక తేలికయగును; దానిని విరిచినంతనే బలము పెరిగినదని భ్రమపడరాదు. మరల కూడును గదాయని చేయి నొచ్చువరకు కొట్టుటయు తగదు.

విద్యార్థులారా, తోటివాని పలక రంగును చూచి మీ పలకను కోరకుడు. తల్లిదండ్రులారా, పిల్లవాడు నేడు విరువలేని పలక రేపటివరకు వేచియుండగలదు. విరిగిన పలక క్షణములో మరల కూడును; విరిగిన యెముక యట్లు కూడదు.