చూడకుండా ఇచ్చిన కానుక: సృజనకారుల నడుమ చెలిమి

ధర్మపురి అనగానే తెలుగువారిలో చాలామందికి గోదావరి ఒడ్డున, నేటి జగిత్యాల జిల్లాలో ఉన్న నరసింహక్షేత్రం గుర్తుకు వస్తుంది. మేము ఇక్కడ ప్రస్తావించేది తమిళనాడులోని ధర్మపురిని. 1965లో సేలం జిల్లా నుంచి విడివడి ఇది వేరే జిల్లా అయింది. 2004లో దీనినుంచి కృష్ణగిరి జిల్లా ఏర్పడి, తెలుగువారు ఎక్కువగా ఉన్న హోసూరు ప్రాంతం అటు వెళ్లింది. ఈ రెండు జిల్లాల్లోనూ ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవారు సుమారు 42 లక్షలు.

ఇటువంటి ఇంటినుంచి వచ్చిన విద్యార్థి ఈనాడు యూట్యూబ్‌లో ఒక ఛానల్ పెట్టుకుంటాడు. అవ్వ చెప్పిన కథో, రాగిసంగటి చేసే తీరో, ఊరి జాతర పాటో తన తెలుగులో చెబుతాడు. తెలుగు రాష్ట్రాలలో చూసినవారు కొందరు “ఇదేం తెలుగు?” అని నవ్వుతారు. చుట్టుపక్కల ఉన్న తమిళ మిత్రులకు భాష అర్థం కాదు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం తరవాత బడిలో తెలుగు చదువు మరింత తగ్గడంతో, తెలుగు మాట్లాడగలిగినా రాయలేని యువత పెరిగింది. ఈ విద్యార్థికి చూసేవారి కొరతకన్నా తోటివారి కొరత ఎక్కువ. నాలుగు నెలలకు ఛానల్ ఆగిపోతుంది. ఛానల్ ఆగితే నష్టం ఒక్కరిదే అనుకోవచ్చు గానీ, అవ్వ నోటి మాట కూడా దానితోనే ఆగిపోతుంది.

అందువల్ల సృజన చేసేవారు ఒకరితో ఒకరు నిలకడైన సంబంధాన్ని ఎలా కట్టుకుంటారన్న ప్రశ్నను ఇక్కడ పరిశీలిద్దాం. దానికి జవాబు వెతకడానికి ధర్మపురి నేల చాలా అనువైనది.

తగడూరు చెప్పిన పాఠం

సంగకాలంలో ధర్మపురి పేరు తగడూరు. అక్కడి పాలకుడు అదియమాన్ నెడుమాన్ అంజి. అవ్వైయార్ అనే కవయిత్రితో అతనికున్న చెలిమి తమిళనాట పిల్లలకు కూడా తెలుసు. ఆయుష్షును పెంచుతుందని పేరుపొందిన అరుదైన ఉసిరికాయ చిక్కితే, తాను తినకుండా ఆమెకు ఇచ్చాడని పురనానూరు సంకలనంలోని 91వ పద్యం చెబుతుంది. ఆమె కూడా అతని తరఫున కంచి తొండైమాన్ వద్దకు రాయబారం వెళ్లింది. అక్కడి ఆయుధశాలలో నెయ్యి పూసి, అలంకరించి పెట్టిన కొత్త ఆయుధాలను మెచ్చుకుంటున్నట్టుగానే, తన రాజు ఆయుధాలు వాడి వాడి విరిగి కమ్మరి కొలిమిలో ఉన్నాయని గుచ్చి చెప్పింది.

అయితే ఈ చెలిమి ఎప్పుడూ తియ్యగా సాగలేదు. ఒకసారి అదియమాన్ కానుక ఇవ్వడంలో ఆలస్యం చేస్తే, అవ్వైయార్ వాకిటి కావలివానితో నిష్ఠురంగా మాట్లాడింది. విద్య ఉన్నవారికి ఏ దిక్కుకు పోయినా అన్నం దొరుకుతుందని చెప్పి వెళ్లిపోవడానికి సిద్ధపడింది. 206వ పద్యం సారం ఇదే. మాటపట్టింపు వచ్చినా సంబంధం తెగలేదు. తన విలువ తనకు తెలిసిన మనిషి, ఎదుటివాని విలువను కూడా దాచలేదు.

మన ప్రశ్నకు ఇంతకంటె దగ్గరగా వచ్చేది 208వ పద్యం. పెరుంజిత్తిరనార్ అనే కవి ఎన్నో కొండలు దాటి అదియమాన్‌ను చూడవచ్చాడు. రాజు అతన్ని చూడకుండానే కానుక పంపి, తీసుకుని వెళ్లమన్నాడు. కవి పుచ్చుకోలేదు. తాను వర్తకానికి వచ్చిన కవిని కానని, తన విద్యను చూసి గౌరవించి ఇచ్చినది కొర్రగింజంతైనా చాలునని అన్నాడు.

ఈ కవి బాధపడింది కానుక చిన్నదని కాదు, దాని వెనుక చూపు లేదని. నేటి భాషలో చెప్పాలంటే వీడియో చూడకుండా నొక్కిన లైకు, చదవకుండా పెట్టిన “సూపర్ అన్నా” ఆ కోవలోవే. పుచ్చుకున్నవారి లెక్కలో ఒకటి పెరుగుతుంది గానీ ఇద్దరి మధ్య ఏమీ పుట్టదు.

ముఖం చూడని మైత్రి

ఎదురుపడకపోతే నిజమైన స్నేహం కుదరదని కొందరంటారు. పురనానూరులోనే దీనికి సమాధానం ఉంది. ఉరైయూరు కోప్పెరుంచోళన్ రాజూ కవీ. పాండ్యదేశంలో పిసిర్ అనే ఊరిలో పిసిరాందైయార్ అనే కవి ఉండేవాడు. వీరిద్దరూ ఎన్నడూ కలుసుకోలేదు. ఒకరి గుణం ఒకరు విని, ఒకరినొకరు తలచుకుంటూ పద్యాలు చెప్పుకున్నారు. కొడుకులతో కలహించిన రాజు ఉత్తరదిశగా కూర్చుని ప్రాణత్యాగ వ్రతం పట్టినప్పుడు, తన మిత్రుడు తప్పక వస్తాడు, పక్కన చోటు ఉంచమన్నాడు. చుట్టూ ఉన్నవారు నమ్మలేదు. పిసిరాందైయార్ వచ్చాడు.

వారి మధ్య ఉన్నవి మాటలు మాత్రమే. ఆ మాటలు ఏళ్ల తరబడి ఒకే మనిషిని ఉద్దేశించి, అతని గురించి తెలుసుకుని పలికినవి. కనుక దూరం స్నేహానికి అడ్డు కాదనీ, శ్రద్ధ లేకపోవడమే అడ్డనీ గ్రహించవచ్చు.

ఉత్తరాలు పెంచిన రచయిత

రెండు వేల ఏళ్లు దాటి మన కాలానికి వద్దాం. తూత్తుకుడి జిల్లాలోని ఇడైసెవల్ అనే చిన్న పల్లెలో 1923లో ఇద్దరు పుట్టారు. ఒకరు కు. అళగిరిసామి, మరొకరు కి. రాజనారాయణన్. రాజనారాయణన్ ఇంటి భాష తెలుగు. ఇద్దరికీ సంగీతమన్నా పుస్తకాలన్నా ప్రాణం. అళగిరిసామి పత్రికల ఉద్యోగాలకు మద్రాసుకు, తరవాత మలయాకు వెళ్లాడు. రాజనారాయణన్ ఊళ్లోనే వ్యవసాయం చేస్తూ ఉండిపోయాడు. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. చదివిన పుస్తకం, విన్న కచేరీ, ఊరి సంగతి, చేతిలో డబ్బు లేని సంగతి అన్నీ వాటిలో ఉంటాయి. అళగిరిసామి 1970లో మరణించాక ఆయన ఉత్తరాలను మిత్రుడు భద్రంగా అచ్చువేయించాడు.

రాజనారాయణన్ కథలు రాయడం ఆలస్యంగా మొదలుపెట్టి, నల్లరేగడి సీమ పలుకుబడినే తన భాషగా చేసుకున్నాడు. ఆ ప్రాంతపు మాటలతో నిఘంటువు కూర్చాడు. ఆంధ్రదేశం నుంచి వలస వచ్చిన తెలుగువారి కథ అయిన ‘గోపల్ల గ్రామం’, దానికి కొనసాగింపుగా 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ‘గోపల్లపురత్తు మక్కళ్’ ఆయన రచనలే. పల్లెలో ఉండి, బడిచదువు పెద్దగా లేక, పట్నపు రచయితలకు దూరంగా ఉన్న మనిషికి తన మాండలికం మీద నమ్మకం నిలవాలంటే దానిని అర్థం చేసుకుని వినే తోటి రచయిత ఒక్కడు ఉన్నా చాలు. ధర్మపురి విద్యార్థికి కావలసింది కూడా అదే.

పేరు పంచుకోవడం, పేరు నిలపడం

తెలుగులో ఇద్దరు కలిసి రాసే సంప్రదాయం గట్టిది. చర్ల బ్రహ్మయ్యశాస్త్రి వద్ద కలిసి చదువుకున్న దివాకర్ల తిరుపతిశాస్త్రి, చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి తిరుపతి వేంకట కవులన్న ఒకే పేరుతో అవధానాలు చేశారు, గ్రంథాలు రాశారు. 1920లో తిరుపతిశాస్త్రి మరణించాక కూడా చెళ్లపిళ్ల తన రచనలను ఇద్దరి పేరుతోనే ప్రకటించాడు. ఇన్‌స్టాగ్రామ్‌లో ఒకే పోస్టును ఇద్దరి పేరుతో పెట్టే సౌకర్యం 2021లో వచ్చింది. సౌకర్యం కొత్తదే గాని దాని వెనుక ఉండవలసిన నమ్మకం చాలా పాతది.

శ్రీశ్రీ ‘మహాప్రస్థానం’ 1950లో పుస్తకంగా వచ్చింది. దానిని ఆయన ఏ ప్రముఖునికీ అంకితం ఇవ్వలేదు. 1937లో మరణించిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు ఇచ్చాడు. ‘ఉదయిని’ అనే చిన్న పత్రిక కోసం కష్టపడిన మనిషి ఆయన. తిరిగి ఏ లాభమూ చేయలేని మిత్రుని పేరు పదమూడేళ్ల తరవాత కూడా మొదటి పుటలో నిలిచింది. సంబంధం నిజమైనదా కాదా అని తేల్చడానికి ఇంతకన్నా మంచి గీటురాయి మాకు కనిపించదు.

ఇచ్చిపుచ్చుకునే లెక్కలు ఎందుకు నిలవవు

“నా ఛానల్‌ను సబ్‌స్క్రైబ్ చేయి, నీది నేను చేస్తాను” అన్న ఒప్పందం నేడు కొత్తవారిలో విరివిగా కనబడుతుంది. యూట్యూబ్ నియమాలు దీనిని నిషేధిస్తాయి. నియమం సంగతి అలా ఉంచినా అందులో ఇంకొక చిక్కు ఉంది. ఒక వీడియోను ఇంకెందరికి చూపాలో నిర్ణయించేటప్పుడు ఆ యంత్రాంగం, చూపినప్పుడు ఎందరు తెరిచారు, ఎంతసేపు చూశారు అన్నవాటిని లెక్కలోకి తీసుకుంటుంది. ఒప్పందం కోసం చేరినవారు వీడియోను తెరవరు. అంటే చేరినవారు ఎక్కువై, చూసేవారు తక్కువవుతారు. పెరుంజిత్తిరనార్ కాదన్న కానుకే ఇది.

రెండవ చిక్కు వేదికకు సంబంధించినది. 2020 జూన్ 29న భారత ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది. వాటిలో టిక్‌టాక్ ఒకటి. పల్లెల్లో ఎందరో దాని ద్వారా పేరు తెచ్చుకున్నారు. ఆ తరవాత కొద్ది నెలల్లోనే ఇన్‌స్టాగ్రామ్ రీల్స్, యూట్యూబ్ షార్ట్స్ ఆ చోటును ఆక్రమించాయి. పాత వేదికమీది లక్షల అంకెలు కొత్త వేదికకు రాలేదు. వెంట రాగలిగినవి ఫోను నంబరు తెలిసిన స్నేహాలే. అందువల్ల వేదిక అద్దె ఇల్లని, స్నేహం చరాస్తి అని గుర్తుంచుకోవాలి.

మూడవది మన శక్తికున్న పరిమితి. మనిషి నిలుపుకోగల సంబంధాలు దాదాపు 150 అనీ, అందులో అతి దగ్గరివారు అయిదుగురే అనీ రాబిన్ డన్బార్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త 1990ల నుంచి వాదిస్తూ వచ్చాడు. ఈ అంకెమీద వాదాలు ఉన్నాయి. అయితే వేయిమందికి శ్రద్ధ పంచలేమన్నది అనుభవంలో అందరికీ తెలిసినదే.

ఆచరణలో

పై ఉదాహరణల నుంచి విద్యార్థులు పాటించదగిన కొన్ని పద్ధతులను ఇలా చెప్పుకోవచ్చు.

మొదట చూడాలి, ఆ తరవాతే మాట్లాడాలి. తోటివారి వీడియోను చివరిదాకా చూసి, అందులో ఒక్క విషయాన్ని పట్టుకుని చెప్పండి. “బాగుంది” అనడం కన్నా, “మీ అవ్వ వాడిన ఆ మాట మా ఊళ్లో ఇంకోలా పలుకుతారు” అనడం మేలు. అక్కడినుంచి సంభాషణ దానంతట అదే మొదలవుతుంది.

పిలుపులో మర్యాద ఉండాలి. పరిచయం లేనివారిని ‘గారు’ అనాలి. వయసు తెలిశాక అన్నా, అక్కా అనవచ్చు. మొదటి పలకరింపులోనే “నా లింకు షేర్ చేయండి” అని అడగరాదు. అవ్వైయార్ కూడా మొదటిరోజునే నిష్ఠురమాడలేదు.

ఎవరి పాట, ఎవరి కథ, ఎవరి ఫోటో వాడుకున్నా ముందుగా అడిగి, వారి పేరు స్పష్టంగా చెప్పాలి. సృజనకారుల మధ్య తగవుల్లో చాలాభాగం పేరు చెప్పకపోవడం వల్ల పుట్టేవే.

ఇద్దరు కలిసి పని చేసేటప్పుడు అది ఎవరి ఛానల్‌లో వస్తుంది, ఎవరి పేరు ముందు ఉంటుంది, డబ్బు వస్తే ఎలా పంచుకోవాలి అన్నవి ముందే మాట్లాడుకోవాలి. స్నేహంలో లెక్కలేమిటని మొహమాటపడితే తరవాత స్నేహమే లెక్కకు వస్తుంది.

తప్పు కనబడితే నలుగురిలో ఎత్తిచూపకుండా విడిగా చెప్పాలి. ముఖ్యంగా భాష విషయంలో ఇది పాటించాలి. ‘ఉండాడు’ అన్నవారిని ‘ఉన్నాడు’ అనమని దిద్దడం చెలిమి కాదు. దక్షిణాది తెలుగులో అది సహజమైన రూపం. పులికాట్ తీరపు తెలుగులోనే ‘ప్రళయకావేరి కథలు’ రాసి స.వెం. రమేశ్ పాఠకులను మెప్పించారు. తమిళనాడు, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ కలిసే చోటున ఉన్న మొరసునాడు రచయితల కథలు ‘మొరసునాడు కథలు’గా ఒకే సంకలనంలో చేరాయి. హద్దులకు అటూ ఇటూ ఉన్నవారు ఒకరినొకరు చదువుకుంటేనే ఇటువంటి పని సాధ్యమవుతుంది.

లిపి రానివారిని దూరం పెట్టకూడదు. తెలుగును తమిళ లిపిలో రాసుకునే మిత్రుడు వీడియోలో మాట్లాడితే, లిపి వచ్చిన మిత్రురాలు కింద తెలుగు అక్షరాలు చేర్చవచ్చు. ఒకరికి మాట, ఒకరికి రాత. జంటకవుల పద్ధతి ఇలా కూడా కొనసాగుతుంది.

చివరగా, పనిలేని రోజుల్లో కూడా పలకరించాలి. మిత్రుని ఛానల్‌కు చూపులు తగ్గిన నెలలో, అతడు ఏమీ పెట్టని నెలలో ఒక ఫోను చేయడం వంద లైకులకన్నా విలువైనది.

ధర్మపురిలో ఉన్న విద్యార్థికి హోసూరులో ఒకరు, కోలారులో ఒకరు, కుప్పంలో ఒకరు, వీలైతే గోదావరి ఒడ్డు ధర్మపురిలో ఒకరు, ఇలా నలుగురైదుగురు తోటివారు ఉంటే చాలునని మా అభిప్రాయం. పేరు ఒకటే అయిన రెండు ఊళ్ల పిల్లలు తమ తమ ధర్మపురుల గురించి ఒకే వీడియోలో చెప్పుకుంటే, నవ్వే నోళ్లు కూడా కొంతసేపు ఆగి వింటాయి. ఆ నలుగురిని ఎంచుకునేటప్పుడు వారికి ఎందరు చందాదారులున్నారన్నది అడగనక్కరలేదు. వారు మన పనిని చూస్తారా, వారి పనిని మనం చూస్తామా అన్నది అడిగితే సరిపోతుంది.