క్రొత్త పాఠశాల, పాత ప్రశ్న
రంగూను తెలుగువారి అనుభవము మనకు చెప్పు పాఠము

క్రొత్త పాఠశాల యొకటి తెఱవబడునను వార్త వినినంతనే తలిదండ్రుల మనస్సులలో సంతోషముతో పాటు సందేహములును పొడసూపుట సహజము. భవనము గట్టిదేనా? దారి ఎంత దూరము? రుసుము మనకు అందునా? ఉపాధ్యాయులు నిలుకడగ నుందురా? ఈ నాలుగు ప్రశ్నలను అందఱును అడుగుదురు. ఆ బడిలో మన బిడ్డకు మన భాష దక్కునా యను అయిదవ ప్రశ్నను అడుగువారు మాత్రము తక్కువ. ఆ ప్రశ్నను మఱచినచో ఏమగునో తెలియగోరువారు రంగూను నగరపు తెలుగువారి చరిత్రను ఒక్కమాఱు తలచుకొనవలెను. ఆ నగరమునే నేడు యాంగోన్ అనుచున్నారు.

రంగూను మనకు పరాయి ఊరు కాదు. గోదావరీ ముఖమునందలి కోరంగి రేవు పేరు మన పెద్దలు ఎఱిగినదే. మన పూర్వులు పడమరగా సాగి మారిషస్ చెఱకు తోటలకు వచ్చిరి. ఆ తీరపువారే తూర్పుగా సాగి రంగూను రేవులోను, బియ్యపు మిల్లులలోను పని చేసిరి. అచటివారు తెలుగువారిని కోరంగీలని పిలుచుట ఆ రేవును బట్టియే. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను జనసంఖ్య నాలుగు లక్షలు. అందు సగముకంటె ఎక్కువమంది భారతీయులు. అంతటి ఊరిలో తమ భాషకు లోటు కలుగునని ఆనాడు ఎవరు తలతురు?

1941 డిసెంబరు 23వ తేదీన ఆ నగరముపై జపాను బాంబులు పడెను. 1942లో లక్షలాది భారతీయులు, పలువురు కాలినడకనే, స్వదేశమునకు తరలిరి. యుద్ధానంతరము కొందఱు మరలివచ్చి నిలదొక్కుకొనిరి. 1962లో సైనిక ప్రభుత్వమేర్పడెను. 1964లో అంగళ్లు జాతీయము కాగా మఱల వేలాది కుటుంబములు ఓడలెక్కెను. విశాఖపట్టణమునందలి బర్మా క్యాంపు అను పేట పేరు ఆ రాకను నేటికిని తెలుపుచున్నది.

మఱుసటి సంవత్సరము, 1965లో, ప్రైవేటు పాఠశాలలు ప్రభుత్వము వశమయ్యెను. పేరుగన్న సెయింట్ పాల్ పాఠశాల బొటటౌంగ్ 6వ నంబరు ప్రభుత్వోన్నత పాఠశాలగా మాఱెను. గోడలు అవియే, గంట అదియే, పిల్లలును వారే. పేరును, ఏలుబడియు, బోధనభాషయు మాత్రము మాఱెను. ఉన్న దేశపు భాషను నేర్చుట ధర్మమే. అందు దోషము లేదు. కాని బడిని మాత్రమే నమ్ముకొన్న ఇంటిభాషకు ఆ మార్పుతో చోటు తప్పెను.

అంతటితో తెలుగు అంతరించెనా? లేదు. మయన్మారులో బడులు జూన్ మాసమున తెఱచి ఎండకాలమున మూయుదురు. ఆ సెలవులలో ఆలయ మండపములే బడులయ్యెను. అక్షరములు తెలిసిన పెద్దలే పంతులయ్యిరి. చాపలపై కూర్చుండి ఓనమాలు దిద్దిన పిల్లలు తమ పిల్లలకు ఆ నాలుగక్షరములను అందించిరి. ఆ యేర్పాటు లేని యిండ్లలో అవ్వ తెలుగున పిలువగా మనుమడు బర్మీయమున బదులిచ్చుట మొదలయ్యెను. పిదప పిలుపును ఆగిపోయెను. భాష పోవుట ఒక్కనాటి ప్రళయము కాదు. అది భోజనపు పీటల మధ్య సద్దుచేయక జరుగును.

నేటి యాంగోన్‌లో తలిదండ్రుల చింతలు వేఱు రూపము దాల్చినవి. 2011 చట్టముతో ప్రైవేటు బడులకు మఱల దారి ఏర్పడెను. పిదప అంతర్జాతీయ విద్యాలయములు నగరపు అంచులకు, నదుల ఆవలి తాన్‌లిన్, పన్‌హ్లైంగ్ ప్రాంతములకు విస్తరించినవి. ఆవరణము విశాలమే, కాని నది దాటవలెను; బడులు తెఱచు జూన్ మాసము కుంభవృష్టి కాలము. రుసుమును డాలర్లలో లెక్కించు బడులు కలవు. 2021 తరువాత చాట్ విలువ పడిపోగా బడి రుసుము పెంచకున్నను తండ్రి చెల్లించు సొమ్ము పెరుగును. 2020లో మహమ్మారి బడులను మూయించెను. 2021 ఫిబ్రవరి సైనిక చర్య తరువాత వేలాది ఉపాధ్యాయులు సమ్మెలో చేరి ఉద్యోగములు కోల్పోయిరి. 2025 మార్చి 28న మధ్య మయన్మారును 7.7 తీవ్రతగల భూకంపము కుదిపిన పిమ్మట, ఈ కట్టడమును ఎవరు పరీక్షించిరని అడుగుట తల్లి పిఱికితనము కాదు. అది ఆమె విధి.

ఇక మన మాట. మన ద్వీపమున ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలలో తెలుగు నేర్చు అవకాశము కలదు. మోకాయందలి మహాత్మా గాంధీ సంస్థ తెలుగు విద్యకు ఆలంబనముగ నున్నది. ఉగాది మనకు ప్రభుత్వపు సెలవు దినము. ఇవన్నియు మన పెద్దలు అడిగి, నిలిచి, సాధించినవి. అయినను ఒక క్రొత్త ఆవరణము తెఱవబడినపుడు ఆంగ్లము, ఫ్రెంచి ఎంత బాగుగ వచ్చునని అడిగి వచ్చుచున్నాము. తెలుగు పంతులు కలడా యని అడుగుటకు ఏలనో మొగమాటపడుచున్నాము.

కావున మేము సభ్యులకు చేయు మనవి యిది. బిడ్డను క్రొత్త బడిలో చేర్పదలచినవారు సొమ్ము కట్టకముందే నలుగురు తలిదండ్రులతో కలిసి పోవలెను. కట్టడము, వాహనము, రుసుము, ఉపాధ్యాయులు, భాష అను అయిదింటిని గూర్చి అడిగి, సమాధానమును వ్రాతపూర్వకముగ పొందవలెను. తెలుగు లేదన్నచో ఆ బడిని విడువుడని మేము చెప్పము. దానికి వేఱు కారణములు ఉండవచ్చును. కాని ఆనాటినుండి ఆ లోటును తీర్చు భారము ఇంటిమీదను, ఆలయము మీదను పడినదని గ్రహింపవలెను. వారమునకొక గంట ఆలయమున అక్షరములు, దినమునకొక పూట ఇంట తెలుగు మాట: ఇంతకంటె తక్కువతో భాష నిలువదు.

బడిని ప్రభుత్వము తెఱచును, మూయును, యాజమాన్యములు మాఱును, భూమి కంపించును. అమ్మ మాటను మాత్రము ఎవరును జాతీయము చేయజాలరు. దానిని మనమే జాఱవిడిచిననే పోవును. సరస్వతీదేవి మన బిడ్డలకు క్రొత్త విద్యను, పాత పలుకును రెండింటిని ప్రసాదించు గాక!