గాయమును సభలో చెప్పవచ్చునా?

పెద్దలారా,

టెలివిజను పాటల పోటీలలో పాడవచ్చిన వారిని వారి పూర్వపు కష్టములను గూర్చి అడుగుట పరిపాటియైనది. అట్లు చెప్పుట మంచిదా, కాదా? ఒక దృష్టాంతముతో నా యభిప్రాయమును విన్నవించెదను.

2005 డిసెంబరు 10వ తేదీన నైజీరియా దేశమందలి పోర్టు హార్కోర్టులో ఒక విమానము కూలి, అందలి వారిలో ఇద్దరు తప్ప అందరును మరణించిరి. మృతులలో ఒకే పాఠశాల విద్యార్థులు 60 మంది. బ్రతికిన యిద్దరిలో అదే పాఠశాలకు చెందిన కెచీ ఒక్వూచీ యొకతె. అప్పుడామెకు 16 ఏండ్లు. దేహము నూటికి 65 పాళ్లు కాలిపోయెను. ఆమె 2017లో 'అమెరికాస్ గాట్ టాలెంట్' పోటీలో పాడి తుది ఘట్టమునకు చేరెను. తన కథను తానే చెప్పెను.

అప్పటికి దాదాపు పండ్రెండేండ్లు గడచినవని మరువరాదు. ఆత్మీయులతో చెప్పుకొన్న దుఃఖము గుండెను తేలికపఱచును. లక్షల మంది యెదుట చెప్పినది మరల వెనుకకు రాదు. మానని పుండైనచో రేగును. కావుననే బ్రిటనులో ప్రసారములను నియంత్రించు ఆఫ్‌కాం సంస్థ, హాని కలుగు నవకాశమున్న వారి క్షేమమును ప్రసారకులు తగిన శ్రద్ధతో కాపాడవలెనని 2021 ఏప్రిలు 5 నుండి నియమము నమలుపఱచినది.

చెప్పుటయు, మానుటయు గాయపడినవారి యిష్టము. మౌనముగా నున్నవారికి మార్కులు తగ్గరాదు. పాటను పాటగానే తూచవలెను. మీ మనుమరాలు పోటీకి పోవునపుడు, "ఇది నీ యంతట నీవు చెప్పదలచినదేనా, తల్లీ?" యని ముందుగా నింటిలోనే యడుగుడు. ఆమె తల యడ్డముగా నూపినచో, ఆ మాట నిర్వాహకులకు మీరే చెప్పుడు.