బర్రె జబ్బుపడిన రాత్రి చేతిలో ఉండవలసిన డబ్బు

ప్రతి ఏడూ ఈ సంచికలో పిల్లల ఫీజుల గురించే రాస్తూ వచ్చాము. ఈసారి బర్రెల గురించి రాస్తున్నందుకు దాతలు ఆశ్చర్యపోవద్దు. రెండింటికీ సంబంధం ఉంది.

మా బడిలో తొమ్మిదో తరగతి చదివే ఒక అమ్మాయి వానాకాలంలో రావడం మానేసింది. ఇంటికి వెళ్లి అడిగాము. పాలు అమ్ముకునే బర్రె ఈనిన రెండో రోజు రాత్రి కూలబడి, తెల్లారేసరికి చనిపోయిందని వాళ్లమ్మ చెప్పింది. ఇంట్లో మగదిక్కు లేదు. డాక్టరును తేవడానికి ఆటోకు, మందులకు కలిపి రెండు వేలు కావాలి. ఉన్నవి మూడు వందలు. అప్పు పుట్టేసరికి తెల్లారింది. తర్వాత కొత్త బర్రెకు అరవై వేలు మిత్తికి తెచ్చారు. ఆ మిత్తి కోసం అమ్మాయి బీడీలు చుట్టడానికి కూర్చుంది.

లక్షణాలు విన్న పశువుల డాక్టరు ఒకరు అది పాలజ్వరం కావచ్చన్నారు. పేరులో జ్వరం ఉన్నా ఒళ్లు చల్లబడుతుంది. ఈనగానే పాలలోకి కాల్షియం ఒక్కసారిగా వెళ్లిపోవడం వల్ల వస్తుంది. పశువు లేవలేక మెడను పక్కకు తిప్పి పడుకుంటుంది. డాక్టరు నరానికి కాల్షియం మెల్లగా ఎక్కిస్తే చాలావరకు కొన్ని గంటల్లోనే లేచి నిలబడుతుంది. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. ఆదిలాబాద్ వైపు జొన్న పండించేచోట మరో ప్రమాదం: వాన లేక వాడిన లేత జొన్న, కోసిన మోళ్ల నుంచి వచ్చే పిలకలు మేస్తే విషమెక్కుతుంది. అక్కడా వ్యవధి గంటల్లోనే. అంటే కావలసింది పెద్ద మొత్తం కాదు, ఆ గంటలో చేతికందే చిన్న మొత్తం.

పాలిచ్చే బర్రె ఉన్న ఇల్లు రోజుకు అర లీటరు పాల ధర పక్కన పెట్టగలదు. లీటరు యాభై రూపాయలనుకుంటే రోజుకు ఇరవై అయిదు, నెలకు 750, పాలిచ్చే పది నెలల్లో 7,500. ఈ డబ్బు చిట్టీలో వేయకూడదు, పాట వచ్చేదాకా చేతికి రాదు కదా. తల్లి పేరిట పోస్టాఫీసులోనో బ్యాంకులోనో వేసి, రెండు వేలు మాత్రం ఇంట్లోనే ఉంచుకోవాలి. మేకలు పెంచేవారు బక్రీదుకు అమ్మిన పోతుల్లో ఒకదాని డబ్బు ఇలాగే విడిగా ఉంచవచ్చు. పెళ్లి వస్తే ఆ డబ్బు ఆగుతుందా అని అడిగేవారున్నారు. ఆగడం కష్టమే, మా ఇంట్లోనూ ఆగలేదు.

ఉచిత సాయమూ ఉంది. 1962 నంబరుకు ఫోన్ చేస్తే సంచార పశువైద్యశాల బండి వస్తుంది. మన రాష్ట్రంలో ఇది 2017లో మొదలైంది. అయితే ఆ బండి ఎన్నో ఊళ్లు తిరగాలి. మనం పిలిచినప్పుడు ఎక్కడో దూరాన ఉండవచ్చు. దాన్నే నమ్ముకుని చేతిలో పైసా లేకుండా ఉండడం సరికాదు.

చావు నష్టానికి పశువుల బీమా ఉంది. జాతీయ పశుసంపద మిషన్ కింద లబ్ధిదారు కట్టవలసిన ప్రీమియం వాటాను 2024లో 15 శాతానికి తగ్గించారు. మిగతాది కేంద్రం, రాష్ట్రం భరిస్తాయి. బీమా చేసినప్పుడు చెవికి ట్యాగు వేస్తారు. ఆ ట్యాగు పడిపోతే వెంటనే చెప్పి మళ్లీ వేయించుకోవాలి. పశువు చనిపోతే డాక్టరు చూడకముందే పూడ్చవద్దు. పోస్టుమార్టం కాగితం లేకపోతే క్లెయిము నిలవదు. బీమా విషయంలో మనవారిలో కొందరికి ధార్మిక సందేహాలున్నాయి. వాటికి జవాబు ఉలమాలే చెప్పాలి, మేము చెప్పజాలము.

ఇక దాతలకు మా విన్నపం. ఇరవై, ముప్పై ఇళ్లున్న మొహల్లాకు యాభై వేలతో ఒక అత్యవసర నిధి పెడదాము. రాత్రి తలుపు తట్టినా అయిదు వేల వరకు ఖర్జె హసనాగా ఇచ్చేలా, డబ్బు సొసైటీ ఆఫీసులో కాక ఆ మొహల్లాలోనే నమ్మకస్తులైన ఇద్దరి దగ్గర ఉండాలి. వాపసు పాల డబ్బులోంచి వారం వారం. జకాత్ హక్కుదారుకు సొంతం చేసి ఇవ్వవలసిన సొమ్ము, అప్పుగా తిప్పేది కాదు గనుక ఈ నిధికి సదఖా, విరాళాలు మాత్రమే తీసుకోవాలని మా అభిప్రాయం. ఎవరెవరు తీసుకున్నారో పేర్లు బయట చదవకూడదు. లెక్క మాత్రం ప్రతి ఏడూ ఈ సంచికలో అచ్చు వేస్తాము.

ఆ అమ్మాయి మిత్తి ఇంకా పద్నాలుగు నెలలు ఉంది. పదో తరగతి పరీక్ష ఓపెన్ స్కూలులో రాయించడానికి పుస్తకాలు ఇచ్చాము. సాయంత్రం బీడీల చాట పక్కన పెట్టి చదువుతోంది.