విశ్రాంతిలో వేగముగా కొట్టుకొను గుండె

భూగర్భపు బొగ్గుగనిలో నీటి ఊట ఎక్కువైనచో పంపు ఎక్కువగా పనిచేయవలసియుండును. 1871లో డాక్టరు కింగ్ బొగ్గు నిక్షేపములను కనుగొన్న నాటినుండి గనులతో పెరిగిన ఇల్లందు వాసులకు ఈ సంగతి క్రొత్త కాదు. పంపు వేగము హెచ్చుటకు కారణములు రెండు విధములు. ఒకటి పనిభారము పెరుగుట. రెండవది యంత్రములోనే దోషముండుట. మన గుండె విషయమును ఇట్టిదే. కదలక కూర్చున్న మనుష్యుని గుండె వేగముగా కొట్టుకొనుట తనంతట ఒక వ్యాధి కాదు; అది ఒక సూచన. దాని అర్థమును గ్రహించుట ఎట్లు? ఎప్పుడు వైద్యుని వద్దకు పోవలెను?

గుండె చేయు పని

ఆరోగ్యవంతులైన పెద్దల గుండె విశ్రాంతిలో నిమిషమునకు 60 నుండి 100 సార్లు కొట్టుకొనును. 72 సార్లు అనుకొందము. ఒక్కొక్క మారు అది సుమారు 70 మిల్లీలీటర్ల రక్తమును ధమనులలోనికి నెట్టును. అనగా నిమిషమునకు 5 లీటర్లు. దినమునకు లక్ష సార్లకు పైగా ఈ పని జరుగుచుండును. శిశువులలో ఈ వేగము హెచ్చు. అప్పుడే పుట్టిన బిడ్డకు 120, 140 ఉండుట సహజమే. పది సంవత్సరములు దాటిన పిల్లలకు పెద్దల లెక్కయే ఇంచుమించుగా వర్తించును. నిత్యము పరుగు అభ్యసించువారికి 60 కంటె తక్కువయు ఉండవచ్చును.

గుండెకు తాళము వేయునది కుడి కర్ణికలోని ఒక చిన్న కణుపు. దానిని 1907లో కీత్, ఫ్లాక్ అను బ్రిటిష్ శాస్త్రజ్ఞులు వర్ణించిరి. ఈ కణుపునకు రెండు విధములైన నరములు వచ్చుచున్నవి. ఒకటి పగ్గము బిగించినట్లు వేగమును తగ్గించును. రెండవది ములుగర్రతో పొడిచినట్లు హెచ్చించును. పరుగెత్తినపుడు, భయపడినపుడు రెండవ దానిది పైచేయి అగును.

వేగము మితిమీరినచో నష్టమేమి? నిమిషమునకు 72 సార్లు కొట్టుకొనునపుడు ఒక్కొక్క స్పందనమునకు సుమారు 0.8 సెకండు పట్టును. అందు 0.3 సెకండు గుండె ముడుచుకొనుటకు, మిగిలిన 0.5 సెకండు సడలి రక్తముతో నిండుటకు. వేగము 150 అయినచో మొత్తము కాలమే 0.4 సెకండు. ముడుచుకొను కాలము కొంచెమే తగ్గును. నిండు కాలము మాత్రము చాల తగ్గిపోవును. గుండె కండరమునకు రక్తమందునది కూడ ముఖ్యముగా ఈ విరామముననే. కావుననే మితిమీరిన వేగములో కండ్లు తిరుగుట, ఎదలో నొప్పి కలుగవచ్చును.

నాడిని లెక్కించు విధము

జాన్ ఫ్లోయర్ అను ఆంగ్ల వైద్యుడు సరిగా ఒక నిమిషము నడుచు గడియారమును చేయించి నాడిని లెక్కించెను. 1707లో దానిపై గ్రంథము ప్రకటించెను. నేడు సెకండ్ల ముల్లుగల ఏ గడియారమైనను చాలును. అయిదు పది నిమిషములు నిమ్మళముగా కూర్చుండవలెను. అంతకు ముందు అరగంటలో టీ, పొగాకు, పరుగు ఉండరాదు. మణికట్టు వద్ద బొటనవ్రేలి వైపున చూపుడు, నడిమి వ్రేళ్లను మెల్లగా ఆనించి నిండు నిమిషము లెక్కించవలెను. బొటనవ్రేలితో చూడరాదు, దాని నాడియే దానికి తెలియుచుండును. సంఖ్యతోపాటు తాళము సమముగా నున్నదా, తప్పుచున్నదా అనునదియు గమనింపవలెను. మూడు దినములు ఉదయమున లేవగానే లెక్కించినచో ఎవరి సహజ వేగము వారికి తెలియును.

చేతి గడియారములవంటి నేటి పరికరములు చర్మముపై కాంతిని ప్రసరింపజేసి నాడిని కొలుచును. చేయి కదలినను, పట్టీ వదులైనను అవి పొరపడవచ్చును. వింత సంఖ్య చూపినపుడు వ్రేళ్లతో సరిచూచుకొనుట మంచిది.

పనిభారము పెంచు కారణములు

ఇల్లందు, కొత్తగూడెం, భద్రాచలం అటవీ ప్రాంతములలో ముందుగా ఆలోచింపవలసిన కారణములు మూడు.

మొదటిది జ్వరము. శరీరోష్ణత ఒక డిగ్రీ సెంటిగ్రేడు పెరిగినచో నాడి నిమిషమునకు సుమారు 10 చొప్పున హెచ్చును. 37 డిగ్రీల వద్ద 75 ఉన్నవానికి 40 డిగ్రీల వద్ద 105 ఉండుట ఆశ్చర్యము కాదు. అడవి పల్లెలలో చలిజ్వరము వచ్చినపుడు మలేరియాకై రక్తపరీక్ష తప్పక చేయించవలెను. వ్రేలినుండి తీసిన ఒక చుక్క చాలును.

రెండవది ఎండ. మే నెలలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరుట ఈ ప్రాంతమున క్రొత్త కాదు. చెమటతో నీరు, ఉప్పు పోయి రక్తపు పరిమాణము తగ్గును; చల్లబరచుటకై చర్మమునకు ఎక్కువ రక్తము పంపవలసివచ్చును. ఉన్న కొద్ది రక్తమునే గుండె వేగముగా త్రిప్పును. వాంతులు, విరేచనములలోను ఇదే జరుగును. నీడ, విశ్రాంతి, ఓ.ఆర్.ఎస్. ద్రావణము దీనికి ఉపాయములు.

మూడవది రక్తహీనత. ఇది మెల్లగా వచ్చును గనుక ఎవరును గమనింపరు. ఎఱ్ఱ రక్తకణములలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను మోయును. ఒక బాలికకు అది 12 గ్రాములు ఉండవలసినచోట 8 గ్రాములే ఉన్నదనుకొందము. ప్రతి లీటరు రక్తము మోయు ఆక్సిజన్‌లో మూడవ వంతు తగ్గినట్లే. ఆ లోటు పూడ్చుటకు గుండె వేగమును పెంచుకొనును. మెట్లెక్కగానే ఆయాసము, పాలిన కనురెప్పలు, పాఠముపై మనస్సు నిలువకుండుట దీని గురుతులు. అట్టి బాలికను సోమరి యనుట అన్యాయము. భీమవరమున జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారి నాయకత్వమున లెడర్లీ పరిశోధనాలయములో 1945లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారైనది. నేడు పాఠశాలలలో వారమునకొకటి ఇచ్చు నీలిరంగు మాత్రలో ఇనుముతోపాటు ఉన్నది ఆ ఫోలిక్ ఆమ్లమే. కోయ మొదలగు గిరిజనులలో కొందరికి సికిల్ కణ వ్యాధి వలన రక్తహీనత కలుగును. దాని నిర్మూలనకు జాతీయ కార్యక్రమము 2023లో ఆరంభమైనది. ఈ వ్యాధి ఉన్నవారు వైద్యుని అడుగక ఇనుము మాత్రలు వాడరాదు.

థైరాయిడ్ గ్రంథి అతిగా పనిచేయుట, ఆందోళన, గర్భము, ఉబ్బసపు మందులు కొన్ని నాడిని హెచ్చించును. తేలు కుట్టిన పిదప చెమటలు, చల్లని చేతులు, వేగమైన నాడి కనబడినచో గుండెకు ప్రమాదము, ఆలస్యము కూడదు.

గుండెలోనే దోషమున్నపుడు

కొందరికి కారణమేమియు లేకయే స్విచ్చి వేసినట్లు నాడి 150 దాటి, కొంతసేపటికి ఆపినట్లు ఆగును. ఇది గుండెలోని విద్యుత్ మార్గపు దోషము. మరికొందరికి వేగముతోపాటు తాళమే ఉండదు. చిన్ననాటి గొంతునొప్పి వెంట వచ్చు కీళ్లవాత జ్వరము గుండె కవాటములను చెరచి దీనికి దారితీయవచ్చును. మెదడుకు పక్షవాతపు ప్రమాదమును కలదు. నాడి వేగముగా నున్నపుడే ఇ.సి.జి. తీయించినచో దోషము స్పష్టపడును.

ఎప్పుడు వైద్యసహాయము కోరవలెను?

విశ్రాంతిలో నాడి పలుమార్లు 100 దాటుచున్నచో, తాళము తప్పుచున్నచో, బరువు తగ్గుట, ఆయాసము ఉన్నచో కొద్ది దినములలో వైద్యునికి చూపవలెను. జ్వరము వంటి కారణము తెలియక 120 దాటి నిలిచియున్నచో ఆ దినమే చూపవలెను.

ఎదలో నొప్పి, ఊపిరాడకుండుట, స్పృహ తప్పుట, మాట తడబడుట, రక్తస్రావము వీనిలో ఏదియున్నను సంఖ్యను లెక్కించుచు కూర్చుండక 108కి ఫోను చేయవలెను. ఎండలో పడిపోయినవానిని నీడకు చేర్చి, ఒడలు తడిపి విసరవలెను. స్పృహ లేనివాని నోట నీరు పోయరాదు.

ఉపాధ్యాయులు ఒక పాఠమునందు విద్యార్థులచేత తమ నాడిని లెక్కింపజేసి, ఒక నిమిషము గెంతించి, అది మరల మొదటి సంఖ్యకు వచ్చుటకు ఎన్ని నిమిషములు పట్టినదో వ్రాయింపవచ్చును. ఆ పట్టికలో కూర్చున్నపుడే 110, 120 ఉన్న పేరు పదేపదే కనబడినచో ఆ బిడ్డ తల్లిదండ్రులతో మాటాడి రక్తపరీక్షకు పంపవలెను.